రిపోజ్ అనే ఇంగ్లిష్ మాట: అర్థం పట్టుకోవడం నుంచి వాడుక దాకా సమగ్ర మార్గదర్శి

ఒకసారి ఒక ఇంగ్లిష్ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చే పని ఒప్పుకున్నాను. అందులో మాట్లాడినాయన ఒకచోట ‘ద ట్రస్ట్ రిపోజ్డ్ ఇన్ మీ’ అన్నాడు. అప్పటికి అర్ధరాత్రి దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి. రిపోజ్ అంటే విశ్రాంతి అని ఎప్పుడో బుర్రలో ఉండిపోయింది కాబట్టి ‘నాలో విశ్రమిస్తున్న నమ్మకం’ అని రాసి పడుకున్నాను. పొద్దున చదివితే నాకే నవ్వొచ్చింది. ‘నా మీద ఉంచిన నమ్మకం’ అనాల్సిన చోట ఆ నమ్మకానికి పక్క వేసి పడుకోబెట్టాను.

నిఘంటువు తీస్తే ఈ మాటకు విశ్రాంతి, నిద్ర, శాంతి, నెమ్మది అని వరసగా అర్థాలు కనిపిస్తాయి. ఏదీ తప్పు కాదు. ఏది ఎక్కడ పనికొస్తుందో మాత్రం అక్కడ ఉండదు. ఆ సంగతే ఇక్కడ ఒక్కో అడుగుగా చూద్దాం.

మొదటి అడుగు: నోటికి పట్టించడం

స్పెల్లింగ్ ఆర్, ఈ, పీ, ఓ, ఎస్, ఈ. పలికేటప్పుడు ‘రి’ని తేలిగ్గా వదిలేసి బరువంతా ‘పోజ్’ మీద వేయాలి. రాతలో ఎస్ ఉన్నా పలుకులో వచ్చేది జెడ్ ధ్వని. దానికి మనకు ప్రత్యేకంగా అక్షరం లేదు కాబట్టి జ్ అని రాసుకుంటున్నాం. గులాబీని ఇంగ్లిష్‌లో ‘రోజ్’ అన్నప్పుడు చివర ఏ శబ్దం వస్తుందో ఇక్కడా అదే.

ఇంగ్లిష్‌లో కొన్ని మాటలు నామవాచకంగా ఒకలా, క్రియగా ఒకలా పలుకుతాయి. వాడకం అనే అర్థంలో ‘యూస్’, వాడు అనే అర్థంలో ‘యూజ్’ అంటాం కదా. రిపోజ్‌తో ఆ తంటా లేదు. రెండు పనులకూ ఒకటే పలుకు.

‘రి’కి మాత్రం దీర్ఘం ఇవ్వకండి. ‘రీ-పోజ్’ అంటే మళ్లీ పోజు పెట్టడం అవుతుంది. ఫొటో సరిగ్గా రాలేదని ఫొటోగ్రాఫర్ ఇంకోసారి నిలబడమంటాడు చూడండి, అది.

రెండో అడుగు: మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చూడటం

పుట్టుపూర్వోత్తరాలు నాకెందుకు అని ఈ అడుగు దాటేయకండి. ఈ మాట విషయంలో సగం అర్థం అక్కడే దొరుకుతుంది.

చివరి దశలోని లాటిన్‌లో ‘రెపౌసారే’ అనే క్రియ ఉండేది. అది పాత ఫ్రెంచ్‌లోకి, అక్కడి నుంచి 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దాని లోపలున్న ముక్క ‘పౌసా’. ఆగడం అని అర్థం, దాని మూలం గ్రీకు. రిమోట్ మీద మనం రోజూ నొక్కే ‘పాజ్’ కూడా అదే పౌసా నుంచి వచ్చింది. పాజ్, రిపోజ్ దగ్గరి చుట్టాలన్నమాట. ఫొటోకి పెట్టే ‘పోజు’ కూడా ఆ ఇంటిదే. కదిలే మనిషి కదలకుండా ఆగితేనే కదా పోజు!

ఇప్పుడు మన ‘విశ్రాంతి’ని విప్పి చూడండి. అందులో ఉన్నది శ్రమ. శ్రమ తీరడమే విశ్రాంతి. అంటే ఆ మాట అన్నప్పుడల్లా అంతకుముందు ఎవరో ఒళ్లు వంచి అలసిపోయారన్న సంగతి వెనకే వస్తుంది. రిపోజ్‌కి అలసటతో పని లేదు, దాని మూలంలో ఉన్నది ఆగడం. ఈ ఒక్క తేడా వల్లే రిపోజ్ కనిపించిన ప్రతిచోటా విశ్రాంతి అని పెడితే వాక్యం ఎక్కడో కుంటుతుంది.

ఫ్రెంచ్‌లో ఈ మాట ఇప్పటికీ ‘రెపో’ రూపంలో రోజువారీ వాడుకలో ఉంది. ఫ్రెంచ్ సైనికులకు డ్రిల్లులో ఇచ్చే ఆజ్ఞ కూడా అదే. మన డ్రిల్లులో ‘విశ్రామ్’ అన్నట్టు. ఆ ఆజ్ఞ విన్నవాడు పోయి పడుకోడు. నిలబడే ఉంటాడు, ఒంట్లో బిగువు మాత్రం సడలిస్తాడు.

మూడో అడుగు: అసలు అర్థం పట్టుకోవడం

నాకు తోచినంతలో రిపోజ్ అర్థాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: కదలగలది, ఏ ప్రయాసా పడకుండా, కదలకుండా ఉండటం. ఈ ముక్క గుర్తుంటే మిగతా అర్థాలు దాని వెంటే నడుస్తాయి.

అన్నిటికంటే బాగా పనికొచ్చే ఉదాహరణ ముఖం. ‘ఇన్ రిపోజ్, హర్ ఫేస్ లుక్డ్ స్టర్న్’ అనే వాక్యం తీసుకోండి. ఆవిడ మాట్లాడుతున్నప్పుడు ముఖంలో నవ్వు, చిరాకు, ఆశ్చర్యం ఒకదాని వెంట ఒకటి మారుతుంటాయి. ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ పక్కన కూర్చున్నప్పుడు అవేవీ ఉండవు. అప్పుడు మిగిలే ముఖం కాస్త కఠినంగా కనిపిస్తుందని ఆ వాక్యం చెబుతోంది. ఆవిడ నిద్రపోవట్లేదు, అలసిపోలేదు, ప్రశాంతంగా కూడా ఉండకపోవచ్చు. ముఖం ఏ పనీ చేయట్లేదు, అంతే. దీన్ని ‘విశ్రాంతిలో ఆమె ముఖం కఠినంగా కనిపించింది’ అని రాస్తే తెలుగు చదివేవాడికి ఏమీ బోధపడదు. ‘ఊరకే ఉన్నప్పుడు ఆమె ముఖం కఠినంగా కనిపించేది’ అంటే చాలు.

చిత్రకారులకు ఈ స్థితి ఎంతో ఇష్టమైన వస్తువు. ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్వార్ మానే 1870 ప్రాంతంలో వేసిన ఒక చిత్రం పేరు ‘లె రెపో’, ఇంగ్లిష్‌లో ‘రిపోజ్’. అందులో సోఫా మీద ఒరిగి కూర్చున్నావిడ బెర్త్ మొరిజో, ఆవిడా పేరున్న చిత్రకారిణే. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు ఎటో ఉంటుంది. జాన్ సింగర్ సార్జెంట్ 1911లో వేసిన ఇంకో చిత్రానికీ ‘రిపోజ్’ అనే పేరు ఉంది. అందులోనూ ఒకావిడ సోఫాలో వెనక్కి వాలిపోయి ఉంటుంది. నిఘంటువు చదివితే అర్థం కానిది ఈ రెండు బొమ్మలు చూస్తే అర్థమవుతుంది. వీలైతే వెతికి చూడండి.

చిత్రం గురించో భవనం గురించో రాసే విమర్శకులు ‘ఇట్ హ్యాజ్ రిపోజ్’ అంటే, అందులో ఏదీ కంటిని లాగి హడావుడి చేయట్లేదు, అన్నీ ఎక్కడివక్కడ కుదురుకున్నాయి అని. తెలుగులో దానికి ‘కుదురు’ అనే మాటే సరిగ్గా అతుకుతుందని నా అభిప్రాయం.

నాలుగో అడుగు: వాక్యంలో కూర్చోబెట్టడం

నామవాచకంగా ఇది లెక్కపెట్టే మాట కాదు. ‘టూ రిపోజెస్’ అని ఎవరూ అనరు. ‘ఇన్ రిపోజ్’ అనేటప్పుడు మధ్యలో ‘ఎ’ గానీ ‘ద’ గానీ రావు. ముందు విశేషణం ఉంటే మాత్రం ‘ఎ డీప్ రిపోజ్’ లాంటివి కనిపిస్తాయి.

దీని పక్కన అలవాటుగా చేరే క్రియలు కొన్ని ఉన్నాయి. ‘సీక్ రిపోజ్’ అంటే నెమ్మది కోసం వెతుక్కోవడం, ‘ఫైండ్ రిపోజ్’ అంటే అది దొరకడం, ‘డిస్టర్బ్ సంవన్స్ రిపోజ్’ అంటే ఒకరి ప్రశాంతతకు భంగం కలిగించడం. మనం ‘టేక్ రెస్ట్’ అని అలవాటు పడ్డాం కాబట్టి ‘టేక్ రిపోజ్’ అని నోటికొచ్చేస్తుంది. అలా అనకండి. ఆ మాటకొస్తే ‘టేక్ రెస్ట్’ కూడా మన దేశపు ఇంగ్లిష్‌లోనే ఎక్కువ. మిగతా చోట్ల ‘గెట్ సమ్ రెస్ట్’ అనో ‘హ్యావ్ ఎ రెస్ట్’ అనో అంటారు.

క్రియగా వాడితే ఒరగడం, పడుకోవడం, ఒకచోట నిలిచి ఉండటం. ‘షి రిపోజ్డ్ ఆన్ ద కౌచ్’ అంటే సోఫా మీద ఒరిగి ఉంది. వస్తువులకూ వాడతారు. ‘ద స్టాచ్యూ రిపోజెస్ ఆన్ ఎ మార్బుల్ బేస్’ అంటే ఆ విగ్రహం పాలరాతి దిమ్మె మీద ఉంది. ఇలాంటప్పుడు దాన్ని అనువదించబోతే చిక్కు. ‘ఉంది’ అంటే సరిపోతుంది.

విశేషణం కావాలంటే ‘రిపోజ్‌ఫుల్’ ఉంది. గదికో దృశ్యానికో వాడతారు. తరచుగా కనిపించదు, కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

ఐదో అడుగు: ఇరుగుపొరుగు మాటల నుంచి వేరు చేయడం

‘రెస్ట్’ రోజువారీ మాట. డాక్టర్ చెప్పేది రెస్ట్ గురించే, రిపోజ్ గురించి కాదు. పనిలో అలసిన చేతులకు కావాల్సిందీ రెస్టే. రిపోజ్ కాస్త పట్టుబట్ట కట్టుకున్న మాట, పుస్తకాల్లోనూ ప్రసంగాల్లోనూ ఎక్కువ.

‘కామ్’లో ముందు గాలి, సముద్రం ఉంటాయి. గాలి వేగాన్ని కొలిచే బ్యూఫర్ట్ స్కేలులో 0కి పెట్టిన పేరు కామ్. అప్పుడు పొగ నిట్టనిలువుగా పైకి లేస్తుంది. కోపమో టెన్షనో తగ్గిన మనిషికీ ఈ మాటే. ‘కామ్ డౌన్’ అంటాం, ‘రిపోజ్ డౌన్’ అనం.

‘ట్రాంక్విలిటీ’, ‘సెరినిటీ’ రెండూ చంద్రుడి మీద పక్కపక్కనే ఉన్న మైదానాల పేర్లు. సముద్రాలని పేరే గానీ వాటిలో చుక్క నీరు లేదు. 1969 జులై 20న అపోలో 11 దిగింది ట్రాంక్విలిటీ మీద. అలజడి లేని చోటుకు, వాతావరణానికి ఆ మాట వాడతారు. ‘సెరీన్’ లాటిన్‌లో మబ్బు లేని తేట ఆకాశాన్ని చెప్పే మాట. అందుకే లోపల ఏ కలకా లేని మనిషికి అది బాగా నప్పుతుంది. రిపోజ్ అలా మనసు లోతుల్ని చెప్పదు, పైకి కనిపించే నిలకడను చెబుతుంది.

‘కంపోజర్’తో జాగ్రత్త. అందులోనూ పోజ్ ఉంది కానీ అది పట్టి ఉంచుకున్న నిబ్బరం. ఎదుటివాడు తిడుతున్నా మాట తూలకుండా ఉండేవాడిది కంపోజర్. దానికి ప్రయాస కావాలి. రిపోజ్‌లో ప్రయాస ఉండకూడదు.

ఆరో అడుగు: స్థిరపడిపోయిన ప్రయోగాలు తెలుసుకోవడం

సైన్సులో ‘యాంగిల్ ఆఫ్ రిపోజ్’ ఉంది. తెలుగులో విరామ కోణం అనవచ్చు. ఎండు ఇసుకను పైనుంచి సన్నగా పోస్తూ ఉండండి. కుప్ప పెరుగుతుంది, వాలు నిటారవుతుంది. ఒక హద్దు దాటగానే పైన పడిన ఇసుక జారిపోతుంది, వాలు మళ్లీ మునుపటి కోణానికే వస్తుంది. కుప్ప జారకుండా నిలిచే ఆ గరిష్ఠ వాలే విరామ కోణం. ఎండు ఇసుకకు అది సుమారు 30 నుంచి 35 డిగ్రీలు. కొంచెం తడి తగిలితే రేణువులు అంటుకుని ఇంకా నిటారుగా నిలుస్తాయి. ఇసుకలో గరాటులాంటి గుంత తవ్వి అడుగున కాచుక్కూర్చునే పురుగును చూసే ఉంటారు. ఆ గుంత గోడలు ఈ కోణానికి దగ్గర్లోనే ఉంటాయి. చీమ అంచు మీద కాలు పెడితే చాలు, ఇసుక జారి అది కిందికి వచ్చేస్తుంది. జారగలిగీ జారకుండా ఉన్న ఇసుక అది. మూడో అడుగులో చెప్పిన అర్థమే ఇక్కడ ఇంకో వేషంలో ఉంది.

అగ్నిపర్వతాలను చదివేవాళ్లు ‘రిపోజ్ పీరియడ్’ అంటారు. ఒక విస్ఫోటానికీ తర్వాతి దానికీ మధ్య ఉండే నెమ్మది కాలం. పేలగలదు, ఇప్పుడు పేలట్లేదు. విశ్రాంతి అంటే ఇక్కడా సరిపడదు.

మరణం విషయంలో ఈ మాట చాలాచోట్ల కనిపిస్తుంది. క్రైస్తవ ప్రార్థనల్లో ‘ఫర్ ద రిపోజ్ ఆఫ్ హిజ్ సోల్’ అంటే ఆయన ఆత్మశాంతి కోసం. ‘లై ఇన్ రిపోజ్’ అంటే పార్థివ దేహాన్ని ప్రజల సందర్శనార్థం ఉంచడం. దీనికి దగ్గర్లో ‘లై ఇన్ స్టేట్’ అని ఇంకోటి ఉంది. అమెరికాలో ఈ రెంటికీ తేడా పాటిస్తారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 2020 సెప్టెంబరులో చనిపోయినప్పుడు, ముందు కోర్టు భవనం దగ్గర ఉంచినదాన్ని ‘ఇన్ రిపోజ్’ అన్నారు, తర్వాత పార్లమెంటు భవనమైన క్యాపిటల్‌లో ఉంచినదాన్ని ‘ఇన్ స్టేట్’ అన్నారు. తెలుగు వార్తలో ఈ తేడా చూపించే మాట లేదు. ఎక్కడ ఉంచారో చెబితే సరిపోతుంది.

చట్టంలో ‘స్టాచ్యూట్ ఆఫ్ రిపోజ్’ ఉంది. ఒక వస్తువు అమ్మిన లేదా కట్టడం పూర్తయిన తేదీ నుంచి ఇన్నేళ్లు గడిస్తే ఇక దావా వేయడానికి వీల్లేదని చెప్పే నియమం. నష్టం ఎప్పుడు బయటపడిందన్నది దీనికి అనవసరం. దావా వేయడానికి గడువు పెట్టే మామూలు లిమిటేషన్ చట్టానికీ దీనికీ తేడా అదే. అమెరికాలో చిన్న విమానాల తయారీదారుల కోసం 1994లో చేసిన చట్టంలో ఈ గడువు 18 ఏళ్లు. అది దాటాక తయారీదారు కోర్టు భయం లేకుండా ఉండొచ్చు. రిపోజ్ ఆయనకన్నమాట, నష్టపోయినవాడికి కాదు!

ఏడో అడుగు: కవల లాంటి రెండో మాటను గుర్తుపట్టడం

నన్ను బోల్తా కొట్టించింది ఇదే. స్పెల్లింగ్ ఒకటే, పలుకు ఒకటే, పుట్టుక మాత్రం వేరు. లాటిన్‌లో ‘రెపోనెరే’ అంటే తిరిగి పెట్టడం, దాచిపెట్టడం. వస్తువులో పత్రాలో భద్రపరిచే చోటును ‘రిపాజిటరీ’ అంటారు కదా, అది ఈ కుటుంబం. నమ్మకాన్ని ఒకరి దగ్గర పెట్టడమే ఈ రిపోజ్.

గుర్తుపట్టడం తేలిక. పక్కన ట్రస్ట్, కాన్ఫిడెన్స్, ఫెయిత్, హోప్ వీటిలో ఏదైనా ఉందా, వెనక ‘ఇన్’ ఉందా చూడండి. రెండూ ఉంటే అది ‘ఉంచు’ అనే అర్థమే. ‘పీపుల్ రిపోజ్డ్ దెయిర్ ఫెయిత్ ఇన్ హర్’ అంటే జనం ఆమెపై నమ్మకం ఉంచారు. గెలిచిన నాయకులు, కొత్త పదవిలోకి వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌లో కృతజ్ఞత చెప్పేటప్పుడు ఈ ప్రయోగం తప్పకుండా వస్తుంది. అధికారం గురించి ‘ద పవర్ రిపోజెస్ ఇన్ ద కౌన్సిల్’ అని కూడా చూస్తాం, అధికారం మండలి చేతిలో ఉందని.

ఎనిమిదో అడుగు: తెలుగు మాట ఎంచుకోవడం

ముందు ‘ఇక్కడ ఆగినది ఏమిటి?’ అని అడగండి. జవాబును బట్టి తెలుగు మాట దానంతటదే వస్తుంది. ఒళ్లయితే విశ్రాంతి, సేదతీరడం, ఒరగడం. ముఖమైతే ‘ఊరకే ఉన్నప్పుడు’. మనసైతే నెమ్మది, ప్రశాంతత, లేదా కుదుటపడటం. రాత్రిపూట వీధి అయితే సద్దుమణగడం. చెరువైతే నిశ్చలంగా ఉండటం. ఇసుక కుప్పయితే నిలవడం. ఆత్మ అయితే శాంతి. అధికారమైతే ‘చేతిలో ఉండటం’.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చేది తేరుకోవడం. మనిషి తేరుకుంటాడు, బిందెలో బురద నీళ్లూ తేరుకుంటాయి. కదిలించడం ఆపితే మడ్డి అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. ఆగడం వల్ల వచ్చే నెమ్మదిని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు తట్టలేదు. అన్నిచోట్లా ఇమడదు కానీ, కవితాత్మకంగా రాసిన ఇంగ్లిష్ వాక్యాన్ని తెచ్చుకునేటప్పుడు ఒకసారి ప్రయత్నించి చూడండి.

తొమ్మిదో అడుగు: ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం

సెలవు చీటీలో వద్దు. ‘ఐ నీడ్ రిపోజ్ ఫర్ టూ డేస్’ అంటే చదివిన పై అధికారి నవ్వుకుంటాడు. స్నేహితుడికి పంపే మెసేజిలో ‘ఐ యామ్ ఇన్ రిపోజ్’ అంటే సరదాకే చెల్లుతుంది. సంతాపం చెప్పేటప్పుడు ‘రిపోజ్ ఇన్ పీస్’ అనకండి, అక్కడ పాతుకుపోయింది ‘రెస్ట్ ఇన్ పీస్’. ఆసుపత్రిలో ఉన్న పెద్దాయన గురించి ‘హి ఈజ్ లైయింగ్ ఇన్ రిపోజ్’ అని మాత్రం చచ్చినా రాయకండి. చదివినవాళ్లు కంగారుగా ఫోన్ చేస్తారు.

పదో అడుగు: మీరే చేసి చూడటం

కింది నాలుగు వాక్యాలకు తెలుగు రాసుకుని, తర్వాత పోల్చుకోండి. ఒకటి, ‘నథింగ్ డిస్టర్బ్డ్ ద రిపోజ్ ఆఫ్ ద విలేజ్’. రెండు, ‘ద డాగ్ రిపోజ్డ్ ఇన్ ద షేడ్’. మూడు, ‘డు నాట్ రిపోజ్ టూ మచ్ కాన్ఫిడెన్స్ ఇన్ రూమర్స్’. నాలుగు, ‘ఈవెన్ ఇన్ రిపోజ్, హిజ్ హ్యాండ్స్ లుక్డ్ స్ట్రాంగ్’.

నా జవాబులు ఇవి. ఊరు సద్దుమణిగి ఉంది, దాన్ని కదిలించేది ఏదీ లేదు. కుక్క నీడలో పడుకుని ఉంది. పుకార్లను మరీ అంతగా నమ్మకండి. నాలుగోదానికి ‘ఏ పనీ చేయకుండా ఒళ్లో పెట్టుకున్నప్పుడు కూడా ఆయన చేతులు బలంగా కనిపించేవి’ అని రాశాను. ఒళ్లో పెట్టుకోవడం ఇంగ్లిష్‌లో లేదు. అది తీసేసి కూడా ఆ వాక్యం నిలబడేలా మీరు రాయగలిగితే, మీది నా దానికంటే మెరుగు.